సారా పోసిన ఆవిరి

పోర్తో దగ్గర మొజెలోస్ అనే ఊళ్ళో సీసా బిరడాలు చేసే మిల్లులు చిన్నా పెద్దా కలిపి నలభై దాకా ఉండేవి. వాటిలో సగం మిల్లులవాళ్ళు అమాదెయు ముక్కు ఒప్పుకుంటే గాని సరుకు లారీ ఎక్కించేవాళ్ళు కాదు.

కార్కు చెట్టు బెరడుకి ఒక జబ్బుంది. చూడ్డానికి తేనెరంగులో ఉంటుంది, నొక్కితే మెత్తగా ఉంటుంది, కోస్తే ఎక్కడా పుచ్చుండదు. లోపల మాత్రం ముక్కిపోయిన వాసన దాక్కుని ఉంటుంది. ఆ బెరడులోంచి తీసిన బిరడా బిగిస్తే ఏడాది తిరిగేసరికి వైన్ తడిసిన గోనెసంచి కంపు కొడుతుంది. పది సీసాలు అలా తేలితే వైన్ కంపెనీవాడు మొత్తం సరుకు వెనక్కి కొడతాడు. అందుకని ప్రతి మూటలోంచీ గుప్పెడు బిరడాలు తీసి, ఒక్కోటీ ఒక్కో గాజు సీసాలో నీళ్ళు పోసి వేసి, ఒక రోజు నానబెట్టి, మర్నాడు పొద్దున్నే అమాదెయుని పిలిచేవాళ్ళు. అతను మూత తీసి ఒక్క పీల్పు పీల్చి, సీసాని కుడివైపు పెడితే మంచిది, ఎడమవైపు పెడితే చెడ్డది. రెండోసారి పీల్చడం ఎవరూ చూడలేదు.

వేసవిలో దక్షిణాన అలెంతేజు అడవుల్లో బెరడు ఒలిచి గుట్టలు పోసినప్పుడు కూడా అతన్నే వెంట తీసుకెళ్ళేవాళ్ళు. గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, మధ్యలోంచి ఒక పలక లాగించి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది వదిలెయ్" అనేవాడు. అంతే, వదిలేసేవాళ్ళు.

ముక్కే పెట్టుబడి కనక అమాదెయు దాన్ని అలాగే కాపాడుకున్నాడు. వెల్లుల్లి ముట్టడు. మధ్యాహ్నం దాకా కాఫీ తాగడు. చర్చిలో సాంబ్రాణి వెయ్యగానే బయటికొచ్చి మెట్ల మీద నిలబడతాడు. యాభై రెండేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఆడవాళ్ళ సెంటు పడదు కాబట్టి చేసుకోలేదని అతనంటాడు. ఎవరూ ఒప్పుకోక చేసుకోలేదని అతని అక్క దెయొలింద అంటుంది. ఇన్ని వదులుకున్నందుకు అతనికి దక్కింది ఊళ్ళో మర్యాద. కెఫేలో కిటికీ పక్క బల్ల అతనిది. ఎవరైనా కూర్చుని ఉంటే అతన్ని చూడగానే లేచేవాళ్ళు. ఆ బల్లని అతను తన జీవితానికి వచ్చిన నికర లాభంగా చూసుకునేవాడు.

అలాంటి బల్ల ఒక సోమవారం అతనికి ఖాళీ కాలేదు. అక్కడ అతని బావ వాల్దెమార్ కూర్చుని ఉన్నాడు, చుట్టూ నలుగురు మిల్లు యజమానులు. కెఫే యజమాని స్వయంగా ట్రే తెచ్చాడు.

"రా బామ్మర్దీ, కుర్చీ లాక్కో," అన్నాడు వాల్దెమార్.

అమాదెయు లాక్కున్నాడు. కుర్చీ గోడవైపుకి పడింది, కిటికీ వీపు వెనక్కి వచ్చింది.

వాల్దెమార్ అసలు వృత్తి బాయిలర్లు బాగుచెయ్యడం. దెయొలిందని చేసుకున్నాక మామగారి పాత మిల్లు ఒకటి మూలపడి ఉంటే దాన్ని నడుపుకుంటున్నాడు. ఏడుగురు పనివాళ్ళు, రెండు మిషన్లు. బెరడులో మంచీ చెడూ అతనికి పెద్దగా తెలియదు. తెలియదు కాబట్టే, చెడ్డ బెరడుని ఏరి పారెయ్యడం కాకుండా దాన్ని బాగుచెయ్యలేమా అని ఆలోచించాడు. ఒక ఇనప డ్రమ్ము చేశాడు. అందులో బిరడాలు పోసి, ద్రాక్షపిప్పి సారా కలిపిన నీటి ఆవిరిని ఫలానా వేడిలో, ఫలానా ఒత్తిడితో, విడతలు విడతలుగా పంపిస్తే ముక్కిపోయిన వాసన ఆవిరితో పాటు బయటికి పోతుంది. దానికి పేటెంటు వచ్చింది. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్ళ పాటు అతని అనుమతి లేకుండా ఆ పని ఇంకెవరూ చెయ్యడానికి లేదు.

దెయొలింద ఆ కాగితాన్ని బంగారు అంచు చట్రంలో కట్టించి, ముందుగదిలో తన పెళ్ళిఫోటో తీసేసి, ఆ మేకుకే తగిలించింది. 'ఆవిష్కర్త' అన్న మాట ఎదురుగా బావ పూర్తి పేరు. అమాదెయు ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఆ చట్రానికి వీపు చేసి కూర్చునేవాడు. అయినా పేటెంటు నంబరు అతనికి నోటికి వచ్చేసింది. పక్క మీద వాలి కళ్ళు మూసుకుంటే ఆ అంకెలు వరసగా వచ్చేవి.

వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ సారా మాట అన్నది అమాదెయు.

రెండేళ్ళ కిందట సెయింట్ మార్టిన్ పండగనాడు అందరిలాగే వాల్దెమార్ కూడా మిల్లు పెరట్లో పైన్ ఆకుల మంట వేసి చెస్ట్‌నట్ కాయలు కాల్పించాడు. కొత్త వైన్ పీపా తెరిచాడు. ముప్పై మంది వచ్చారు. నవంబరు ఎండ బాగా కాసింది. పెరట్లో కొత్త డ్రమ్ము ఉంటే, ఇదేమిటని అందరూ చుట్టూ చేరారు. పండక్కి ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర పనితనం దాచుకునే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. వాల్దెమార్ మూత ఊడదీసి, గొట్టాలు చూపించి, ఆవిరి ఎలా పోతుందో, ఎంతసేపు పోతుందో, ఎంత వేడి పెట్టాలో మురిసిపోతూ చెప్పాడు.

"వాసన పోతోందా?" అన్నాడు ఎవరో.

"సగం పోతోంది. సగం మొండికేస్తోంది," అన్నాడు వాల్దెమార్.

అప్పుడు అమాదెయు చేతిలో సారా సీసా ఉంది. కాయ ఒలుచుకుంటూ నవ్వాడు. "ఉత్త నీళ్ళకి ఏం పోతుంది బావా? అది కూడా నీలాంటిదే. ఓ గుక్క సారా పడితే గాని కదలదు. పొయ్యి, ఆ నీళ్ళలో పొయ్యి!"

అందరూ ఘొల్లుమన్నారు. వాల్దెమార్ కూడా నవ్వి, బావమరిది చేతిలో సీసా లాక్కుని బాయిలర్లో వంచేశాడు. ముప్పావు గంట తర్వాత తీసిన బిరడాలని అమాదెయు ముక్కుకే పెట్టారు. పీల్చాడు. ఏమీ లేదు. "ఏమీ లేదు" అని పైకే అన్నాడు. తాగి ఉన్నాం, ముక్కు మొద్దుబారి ఉంటుందిలే అనుకుని ఇంటికెళ్ళి మర్చిపోయాడు. వాల్దెమార్ మర్చిపోలేదు. చలికాలమంతా కొలతలు మార్చి మార్చి చూసి, మార్చి నెలలో పోర్తోకి వెళ్ళి దరఖాస్తు పెట్టాడు.

ఇప్పుడు అమాదెయు లెక్క ఇది. సీసా ఎవరిది? నాది. మాట ఎవరిది? నాది. పనిచేసిందని చెప్పిన ముక్కు ఎవరిది? నాదే. మూడు వంతుల సరుకు నాదైతే బోర్డు మీద పేరు ఇంకొకడిది. బావ చలికాలమంతా కొలతలు పట్టిన సంగతి ఈ లెక్కలోకి రాలేదు. వాటి విలువ ఎంతని కట్టాలో అమాదెయుకి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఒక ఆదివారం అక్కగారింట్లో ఉప్పుచేప, బంగాళాదుంపలు తింటూ ఆ మాట ఎత్తాడు. అతని పళ్ళెం వరకూ దెయొలింద వెల్లుల్లి లేకుండా వండి పెట్టింది.

"బావా, ఆ సారా సంగతి నీకు ఎవరు చెప్పారో గుర్తుందా?"

"ఎందుకు లేదూ!" వాల్దెమార్ ఫోర్కు పైకెత్తి నవ్వాడు. "నువ్వే కదా. నన్ను తాగుబోతన్నావు, దాన్ని కూడా తాగుబోతన్నావు."

"మరి ఆ కాగితంలో నా పేరు ఎక్కడా లేదే?"

"ఏమని రాయమంటావు? కాయలు ఒలుస్తూ ఎగతాళి చేసినవాడు, అమాదెయు అనా? ఎగతాళికి పేటెంటు ఇస్తారంటే నీకు ఈపాటికి వంద వచ్చి ఉండేవి బామ్మర్దీ!"

దెయొలింద నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. పళ్ళెం తియ్యడానికి వచ్చిన పనమ్మాయి కూడా నవ్వింది. వాల్దెమార్‌కి ఆ మాటలో విషం లేదు. వైన్ పోస్తూ, "నువ్వు లేకపోతే ఇది లేదురా, నిజం," అని భుజం తట్టాడు కూడా. భుజం మీద పడిన ఆ చెయ్యి అమాదెయుకి నవ్వుకంటే ఎక్కువ మండింది. ఎదుటివాడి దగ్గర మిగిలినంత దయ తన దగ్గర లేకపోవడం కూడా అతనికి నష్టంగానే తోచింది.

ఆ నెలలోనే స్పెయిన్‌లోని ఒక బిరడాల కంపెనీ తరఫున లాయరమ్మ దిగింది. పేరు ఇల్దా, లిస్బన్ మనిషి. ఆ కంపెనీకి ఈ పద్ధతి కావాలి, అనుమతి కోసం వాల్దెమార్‌ని అడుక్కోవడం ఇష్టం లేదు. పేటెంటు వచ్చిన తొమ్మిది నెలల లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. పెట్టారు. చూపించడానికే సాక్ష్యం ఏమీ దొరకలేదు. ఊళ్ళో బెరడు సంగతులన్నీ తెలిసినవాడని ఎవరో చెబితే అమాదెయు దగ్గరికి వచ్చింది.

"ఒక్కటే ప్రశ్న సెన్యోర్ అమాదెయు," అంది. "దరఖాస్తు పెట్టకముందు ఈ పద్ధతిని ఆయన బయటివాళ్ళకి ఎవరికైనా చూపించాడా? ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకోకుండా?"

"చూపిస్తే?"

"అప్పుడది కొత్తది కానట్టే. కొత్తది కానిదానికి పేటెంటు ఉండదు."

"ఇంట్లో పండక్కి వచ్చినవాళ్ళకి చూపించినా?"

లాయరమ్మ చేతిలో కలం ఆగింది. "ఎంతమందికి?"

అమాదెయు రేపు రమ్మన్నాడు. వ్యాపారస్తుడు కాబట్టి రెండు పక్కలా తూచాడు. చెబితే అక్క తలుపు మూసేస్తుంది. అది నష్టం. అయినా ఆ తలుపు లోపల ఇప్పుడున్నది ఆ చట్రమే. చెప్పకపోతే ఇంకో పద్దెనిమిదేళ్ళు కెఫేలో గోడవైపు కుర్చీ. చెబితే మేకు ఖాళీ అవుతుంది, బల్ల తిరిగొస్తుంది. పైగా సారా మాట ఎవరిదో ప్రభుత్వ కాగితం మీద అచ్చుపడుతుంది. త్రాసు ఎటు మొగ్గిందో అతనికి ముందే తెలుసు. తూచినట్టు ఉండాలని తూచాడు.

మర్నాడు జరిగిందంతా చెప్పాడు. లాయరమ్మ రాసుకుంది. ముప్పై మంది, పండగ తేదీ, డ్రమ్ము, గొట్టాలు, వేడి, సారా.

"సారా పొయ్యమన్నది నేను. అది రాశారా?"

"ఎవరు పొయ్యమన్నారన్నది మనకి అనవసరం. అందరూ విన్నారు, చూశారు. అది చాలు."

"రాయండి మేడమ్. రాస్తేనే సంతకం."

ఆమె అతన్ని ఒకసారి తేరిపార చూసి, ఆ వాక్యం కూడా రాసింది.

విచారణ పేటెంట్లిచ్చే పెద్ద ఆఫీసు ఉన్న మ్యూనిక్‌లో జరిగింది. పొడుగాటి గది, ముగ్గురు అధికారులు, అందరి చెవులకీ తర్జుమా వినిపించే పరికరాలు. అమాదెయు కొత్త కోటు వేసుకుని వెళ్ళాడు. ఎదురు బల్ల దగ్గర వాల్దెమార్ పాత కోటులో కూర్చుని ఉన్నాడు, పక్కన పోర్తో లాయరు. వాల్దెమార్ అతన్ని చూసి తలూపాడు. వెనక వరసలో కూర్చున్న దెయొలింద చూడలేదు.

అమాదెయు చెప్పాల్సింది చెప్పాడు. పోర్తో లాయరు లేచి, ఇది బంధువుల మధ్య ఈర్ష్య తప్ప ఇంకేమీ కాదని, పండగనాడు తాగినవాళ్ళ జ్ఞాపకం పనికిరాదని గట్టిగా వాదించాడు. అప్పుడు మధ్యలో కూర్చున్న అధికారి వాల్దెమార్‌నే సూటిగా అడిగాడు. ఇలా జరిగిందా?

లాయరు మోచేత్తో పొడిచాడు. వాల్దెమార్ లేచి నిలబడ్డాడు.

"జరిగింది సార్. మూత ఊడదీసి చూపించింది నేనే. అందరూ తెలిసినవాళ్ళే, పండక్కి వచ్చారు. వాళ్ళకి చూపిస్తే లోకానికి చూపించినట్టని నాకు తెలియదు. సారా పొయ్యమన్నది మా బామ్మర్దే. అబద్ధం చెప్పడం లేదు అతను."

ఆ మాటలు చెవి పరికరంలో జర్మనులోకి, ఇంగ్లీషులోకి మారి ఆ గదంతా పాకుతున్నంతసేపు అమాదెయుకి ఒంట్లో వెచ్చగా అనిపించింది. యాభై ఏళ్ళలో అంత నికరమైన లాభం అతను చూడలేదు. ఆ వెచ్చదనం తర్జుమా ముగిసేదాకా ఉంది.

పేటెంటు రద్దయింది. కారణాలు రాసిన కాగితం కొన్నాళ్ళకి వచ్చింది. ఇరవై పేజీలు. అమాదెయు ఊళ్ళో టీచరు చేత చదివించుకున్నాడు. 'సాక్షి' అని పదకొండు చోట్ల ఉంది. సారా దగ్గర మాత్రం 'అతిథుల్లో ఒకరు సూచించగా' అని ఉంది.

"ఒకరు అనా? పేరు లేదా?"

"లేదండీ."

"ఇంకోసారి చూడు."

టీచరు ఇంకోసారి చూసింది. లేదు.

పోనీ, బల్ల వచ్చింది. కిటికీ పక్క కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. ఒక నెల రోజులు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒక మంగళవారం, ఇరవై రెండేళ్ళుగా ప్రతి మంగళవారం వెళ్ళినట్టే, గాస్పార్ మిల్లుకి వెళ్ళాడు. గాస్పార్ ఊళ్ళో పెద్ద యజమానుల్లో ఒకడు. సీసాలు వరసపెట్టే బల్ల మీద ఆ రోజు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి.

"నానబెట్టలేదా?" అన్నాడు అమాదెయు.

"నానబెట్టి ఏం చూస్తాం అమాదెయూ? సరుకంతా డ్రమ్ములోంచి వస్తోంది కదా." గాస్పార్ పెరటివైపు చెయ్యి చూపించాడు. అక్కడ మెరిసే డ్రమ్ము ఒకటి బుస్సుమంటూ తిరుగుతోంది. "నీ చలవే. నువ్వు ఆ కాగితాన్ని కొట్టేయించకపోతే ఇప్పటికీ మీ బావ దగ్గర అనుమతి కోసం వంగి నిలబడేవాళ్ళం. ఊరంతా నీ పేరే చెప్పుకుంటోంది తెలుసా?"

"మరి వేసవికి అలెంతేజు ప్రయాణం ఎప్పుడు?"

"గుమస్తాని పంపిస్తున్నా. ఏ గుట్టయినా ఒకటే ఇప్పుడు. నువ్వు వద్దన్న గుట్టలే చౌక!" అని గాస్పార్ నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశాడు. "కాఫీ తాగుతావా? ఇంక పొద్దున్న తాగినా ఏమీ కాదు కదా నీకు."

అమాదెయు తాగలేదు. దారి పొడుగునా వేసిన లెక్క ఇంటికొచ్చేసరికి తేలింది. పేటెంటు ఉన్నన్నాళ్ళూ డ్రమ్ము ఒక్క మిల్లులోనే ఉంది. అతన్ని పిలిచే మిగిలిన మిల్లులన్నిటికీ అతని ముక్కే గతి. ఆ కాగితం బావకి ఎంత కాపలా కాసిందో అతనికీ అంతే కాసింది. రెండు పక్కలా తూచిన రోజున ఈ ఒక్క రాయి త్రాసులో వెయ్యడం మర్చిపోయాడు. తన సరుకు విలువ తనకి తెలియకపోవడం ఏ వ్యాపారికైనా సిగ్గే. ఆ సిగ్గు పంచుకోవడానికి కూడా ఇంట్లో మనిషి లేదు.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి మెల్లగా బయటపడింది. డ్రమ్ము అందరికీ కావాలి. పేటెంటు కాగితాల్లో గీసిన బొమ్మలు చూసి ఎవరైనా చెయ్యొచ్చు. అయినా మొదట చేసినవి రెండు ఒత్తిడికి అతుకులు పగిలి పక్కూళ్ళో ఆవిరి చిమ్మాయి. అతుకు పగలకుండా డ్రమ్ము చెయ్యగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు, పుట్టుకతో బాయిలర్ల మనిషి. వాల్దెమార్ బిరడాల మిషన్లు రెండూ అమ్మేసి, మిల్లంతా డ్రమ్ముల షెడ్డు చేశాడు. ఏడుగురు పనివాళ్ళు పంతొమ్మిది మంది అయ్యారు. స్పెయిన్ కంపెనీవాళ్ళే ఆరు డ్రమ్ములు కావాలని చెప్పారు.

దెయొలింద ఏడాది తర్వాత మొదటిసారి తమ్ముడి గుమ్మం ఎక్కింది. లోపలికి రాలేదు.

"ఆయన పంపితే వచ్చాను. నా అంతట నేను రాలేదు, అది ముందు తెలుసుకో."

"కూర్చో అక్కా."

"కూర్చోను. ప్రతి డ్రమ్మూ కొనేవాడికి ఇచ్చేముందు ఒక విడత బిరడాలు అందులో వేసి తీసి ఎవరైనా వాసన చూసి సంతకం పెట్టాలట. నీ ముక్కయితే జనం నమ్ముతారని ఆయన అంటున్నాడు. వద్దని నేను చెప్పాను. ఆయనకి సిగ్గు లేదు."

అమాదెయు గుమ్మందాకా వచ్చాడు. మళ్ళీ సీసాలు. మళ్ళీ కుడి, ఎడమ. పంతొమ్మిది మంది నిలబడి అతని మొహం చూస్తారు.

"ఆ కాగితం మీద సంతకం ఎక్కడ ఉంటుంది?"

"ఎక్కడంటే?"

"పైన ఎవరి పేరు?"

దెయొలింద అతన్ని పైనుంచి కిందికి చూసింది. "చేసినవాడి పేరు పైన. వాసన చూసినవాడి పేరు కింద. ఇంకెలా ఉంటుందిరా?"

"పక్కపక్కన పెట్టొచ్చు."

"ఒరేయ్, నీకు అన్నం పెట్టినా పళ్ళెం ఎవరిది పెద్దదో కొలుస్తావు. చిన్నప్పుడూ ఇంతే. అమ్మ నాకు రొట్టెముక్క ఇస్తే నీ ముక్క వదిలేసి నాది చూస్తూ కూర్చునేవాడివి, ఈలోగా కోడి తినేసేది." ఆమె ఒక మెట్టు కిందికి దిగింది. "వస్తావా, రావా?"

వస్తానని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ గదిలో మళ్ళీ చట్రం ఏదైనా పెట్టారా అన్న ఆలోచన అడ్డం వచ్చింది.

"ఆ మేకుకి ఇప్పుడేం తగిలించారు?" అన్నాడు.

దెయొలింద రుమాలు తల మీదికి లాక్కుని మెట్లు దిగింది. వంపు తిరిగేదాకా అమాదెయు చూశాడు. పిలిస్తే వినిపించే దూరమే. పిలవలేదు.

వారం తిరక్కుండానే ఆ సంతకం పనికి ఎస్మొరీజ్ నుంచి ఎవరో కుర్రదాన్ని తెచ్చారని కెఫేలో అనుకున్నారు. ముక్కు పర్వాలేదట. అమాదెయు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పొద్దున్న పదింటికి కాఫీ తాగుతూ ఆ మాట విన్నాడు. బయట రోడ్డు మీద వాల్దెమార్ షెడ్డు నుంచి వచ్చిన లారీ ఒకటి వెళ్ళింది. తాడు కట్టిన డ్రమ్ములు మూడు. ఆ కుర్చీలోంచి రోడ్డు చివరిదాకా బాగా కనిపిస్తుంది. ఆ వారం మొత్తం ఎనిమిది పోయాయి. కిందటి వారం కంటే రెండు ఎక్కువ.